త్రాటికి ఆవలి కొస

2014వ సంవత్సరపు వేసవి తెలుగువారి జ్ఞాపకములో రెండు తేదీలను ప్రక్కప్రక్కన నిలిపి పోయినది. మే 25వ తేదీ ఉదయమున నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ అను పదమూడేండ్ల గిరిజన బాలిక, ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ అను విద్యార్థి, టిబెట్టు వైపునుండి నడచి ఎవరెస్టు శిఖరముపై కాలు మోపినారు. సరిగా పదునాలుగు దినముల తరువాత, జూన్ 8వ తేదీ సాయంకాలమున, హైదరాబాదునుండి విజ్ఞానయాత్రకు పోయిన ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది, వారితో కూడ పోయిన యాత్రా నిర్వాహకుడొకడు, హిమాచల ప్రదేశములోని మండీ జిల్లా థలౌట్ దగ్గర బియాస్ నదిలో కొట్టుకొనిపోయినారు. ఊపిరికి చాలినంత ప్రాణవాయువైనను లేని ఎత్తులనుండి పిల్లలు క్షేమముగా తిరిగివచ్చినారు. రహదారి కంటికి ఆనుచుండగా, బస్సు దిగి నాలుగడుగులు వేసిన చోటినుండి పిల్లలు తిరిగిరాలేదు.

మొదటివారు ధైర్యవంతులు, రెండవవారు కారు అనుకొనుట అన్యాయము. మొదటివారిది అదృష్టము, రెండవవారిది దురదృష్టము అని ఊరకుండుట సోమరితనము. ఏటిలో రాళ్లపై నిలిచి ఫొటోలు తీసికొనుచున్న ఆ పిల్లలకు, ఎగువన లార్జీ ఆనకట్టనుండి నీరు వదలుచున్నారని తెలియదు. తెలిసికొనవలసిన భారమును వారి నెత్తిన పెట్టుటయు తగదు. అది నీరు వదలినవారిది, పిల్లలను తోడ్కొనిపోయిన పెద్దలది. "ఈ నీటికి ఎగువన ఏమున్నది?" అని బస్సు దిగకముందే అడుగుట తన పనియని యెంచిన మనిషి ప్రతి జట్టులోను ఒకడుండవలెను. నాయకత్వమను మాటకు నేను చెప్పుకొను అర్థములలో మొదటిది ఇదియే. ఎదుట కానవచ్చు శిఖరమును చూపువాడు నాయకుడని అందరు అందురు. కానరాని ఎగువను గుఱించి అడుగువాడు అంతకు ముందుగా కావలెనని నా నమ్మకము.

సాహసమను మాట చరిత్ర ఎఱిగినవారికి ఇది క్రొత్తగా తోపదు. ధర్మశాస్త్రములలో సాహసము మెచ్చుకోలు మాట కాదు. బలాత్కారముగా చేయు నేరములకు పెట్టిన పేరు. మనుస్మృతి లెక్కించిన పదునెనిమిది వ్యవహారపదములలో అదియొకటి. ముందువెనుకలు చూడక బలమును నమ్మి చేయు పనికి వాడిన ఆ మాట కాలక్రమమున వన్నె దిద్దుకొని నేడు సన్మానపత్రములకెక్కినది. మన తెలుగు మాటయైన తెగువయు అట్టిదే; తెగు అను ధాతువునుండి పుట్టినది. కొండ యెక్కువాని ప్రాణము తెగని త్రాటిని నమ్ముకొనియుండగా ఆ పనికి తెగువయని పేరు పెట్టుటలో, మన భాష మనకు మెల్లగా ఒక హెచ్చరిక చేసినదేమోయని నాకు తోచును.

పూర్ణ, ఆనంద్‌ల కథను మనము ఆ శిఖరక్షణమునుండి మొదలుపెట్టి చెప్పుకొందుము; నిజమునకది ఎన్నో నెలల ముందు మొదలైనది. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల కార్యదర్శిగా నాడున్న పోలీసు అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ పూనికతో, నూరుమందికి పైగా విద్యార్థులను భువనగిరి కొండకు తెచ్చి, శేఖర్‌బాబు బచినేపల్లి అను పర్వతారోహకుని చేతిలో పెట్టినారు. అందులో నిలిచిన ఇరువదిమంది డార్జిలింగులోని హిమాలయ పర్వతారోహణ సంస్థకు పోయినారు. అది 1954లో స్థాపితమైన సంస్థ. టెన్సింగు నార్గే తొలినాళ్లనుండి అందు శిక్షణ ఇచ్చినాడు. అచ్చటినుండి కొందఱు శీతకాలపు లడఖు చలిని చవిచూచినారు. తుదకు మిగిలినవారిద్దఱు. ఈ వడపోతలో వెనుకకు వచ్చిన పిల్లలు ఓడినవారని అనుకొనరాదు. ప్రతి మెట్టుమీదను నిలిచి, ఇంక ముందుకు పంపవచ్చునా, పంపరాదా యని ఎవరో ఒకరు తీర్చి చెప్పినారనుటకు వారే సాక్ష్యము. ఆ 2014వ సంవత్సరమే ఏప్రిల్ 18న నేపాళము వైపు ఖుంబూ హిమపాతమున 16 మంది కొండకూలీలు మరణించిరి. కనుక ఆ పిల్లలు పోవుచున్నది ఎట్టి చోటికో పంపినవారెవరికిని తెలియకపోలేదు. పదునారేండ్లు నిండనివారిని నేపాళము ఎవరెస్టు ఎక్కనీయదు. ఆ పిల్లలు పోయినది టిబెట్టు వైపునుండి. పదమూడేండ్ల పిల్లను అంత ఎత్తుకు పంపవచ్చునా యని ఎవరైన అడిగినచో, పూర్ణ 2022 నాటికి ఏడు ఖండముల శిఖరములను ముగించుట చూచి సంతోషించినవాడనైనను, పూర్తిగా అవునని చెప్పుటకు నాకు నోరు రాదు. ఆ శిక్షణా క్రమమును మాత్రము సందేహము లేక మెచ్చుకొందును.

భువనగిరి కొండ హైదరాబాదుకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున, వరంగల్లు దారిలో, నేలనుండి ఒక్కటే బండగా లేచి నిలిచియుండును. చాళుక్య త్రిభువనమల్లుడైన ఆఱవ విక్రమాదిత్యుని పేరిట త్రిభువనగిరియై, భువనగిరియైనదందురు. ఏ సేనయు ఎక్కి రాకుండుటకై కోట కట్టిన ఆ నున్నని బండమీదికి నేడు ఆదివారము తెల్లవారుజామున మాదాపూరునుండి, గచ్చిబౌలినుండి, నానక్‌రాంగూడనుండి సాఫ్ట్‌వేరు ఉద్యోగులు బస్సులలో వచ్చి, ఎక్కుట నేర్చుకొనుచున్నారు.

వీరికి కొండతో ఏమి పని? 1998 నవంబరు 22న అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటినుండి ఈ పాతికేండ్లలో, బండలు, సీతాఫలపు పొదలు నిండిన ఆ ప్రాంతము సైబరాబాదను అద్దాల మేడల నగరమైనది. ఆ మేడలలో కూర్చున్న యువకుడు ఒక మీట నొక్కినప్పుడు దానివలన కలుగు మేలుగాని కీడుగాని పదివేల మైళ్ల దూరమున ఏ బ్యాంకులోనో, ఏ ఆసుపత్రిలోనో కనబడును. అతడు నిత్యము ప్రమాదముతోనే వ్యవహరించును. అయినను ఆ ప్రమాదమును అతని శరీరమెఱుగదు. చల్లని గదిలో, మెత్తని కుర్చీలో, "రిస్క్" అను మాట ఎక్సెల్ షీటులో ఒక గడి. దానికి ఎఱుపో పసుపో ఆకుపచ్చో ఒక రంగు. ఇరువది అడుగుల ఎత్తున గోరుమందపు అంచుపై బొటనవ్రేలు ఆన్చి నిలిచినప్పుడు ఆ మాట రంగు విడిచి మోకాళ్లలోనికి వచ్చును. పిక్క దానంతట అదే టకటక కొట్టుకొనును. కొండ యెక్కువారు దానిని కుట్టుమిషను కాలందురు. అపాయమును లెక్కకట్టుట వేఱు, దాని ఎదుట తన మనస్సెట్లు ప్రవర్తించునో తెలిసికొనుట వేఱు. ఈ రెండవది చదువువలన రాదు.

ఈ ఎఱుకను విద్యగా మలచినవారిలో కర్ట్ హాన్ అను జర్మను ఉపాధ్యాయుడు ముఖ్యుడు. హిట్లరును ఎదిరించి దేశము విడిచిన ఈయన, లారెన్స్ హోల్ట్ అను ఓడల యజమానితో కలసి 1941లో వేల్సు తీరమున అబర్‌డవీ రేవులో అవుట్‌వర్డ్ బౌండ్ అను శిక్షణాలయమును స్థాపించినాడు. యుద్ధకాలమున ఓడలు మునిగినప్పుడు, బలిష్ఠులైన పడుచు నావికులు చనిపోవుచుండగా ఏండ్లు మీరినవారు బ్రతికి బయటపడుచున్నారని హోల్ట్‌కు తోచినది. కండబలము కొఱవడక కాదు. కష్టములో తనను తాను నమ్ముకొనుట, ప్రక్కవానిని కనిపెట్టుట అను అలవాటు పడుచువారికి లేదని ఆయన యెంచినాడు. రేవు విడిచి సముద్రములోనికి సాగు ఓడను చెప్పు మాటయే ఆ పాఠశాలకు పేరైనది. మన దేశమున 1984లో ఎవరెస్టు నెక్కిన మొదటి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ నాయకత్వమున టాటా ఉక్కు సంస్థ జంషెడ్‌పురములో నడపిన సాహస సంస్థ ఈ త్రోవనే తొక్కినది. సైబరాబాదు కార్యాలయములవారు నేడు "టీమ్ ఔటింగ్" అని పిలుచు దానికి పూర్వీకులు వీరే. పిల్లకు పెద్దల పోలిక ఎంతవఱకు వచ్చినదనునదే నా సందేహము.

ఒక ఆదివారము భువనగిరి కొండక్రింద నేను చూచినదానిని చెప్పెదను. ఇరువదిమంది గల జట్టు. ఎక్కుటకు సిద్ధమైనవాడు వారి మేనేజరు, నలువది దాటినవాడు. త్రాటికి ఆవలి కొసను పట్టుకొని అతని బరువును కాచుటకు, వారి భాషలో బిలే చేయుటకు, నిలిచినది ఉద్యోగములో చేరి ఆఱు నెలలైనను కాని అమ్మాయి. ఆఫీసులో అందఱిని పేరుపెట్టి పిలుచుటయే అచ్చటి మర్యాద. కొండక్రింద మాత్రము నోటికి అన్నయే వచ్చినది.

"అన్నా, ఒక్క నిమిషం. మీ నడుము బకిల్ వెనక్కి తిప్పి వేయలేదు."

అతడు వంగి చూచుకొన్నాడు. నడుముపట్టీ కొస బకిలులోనుండి ఒక్క చుట్టు వచ్చి వ్రేలాడుచున్నది. దానిని మరల వెనుకకు మడచి దూర్చినగాని బరువు పడినప్పుడు జారవచ్చును. "థాంక్స్ అమ్మా," అని సరిచేసికొన్నాడు. ఆమె అంతటితో విడువలేదు. అతని త్రాటి ముడి ఎనిమిది అంకె ఆకారమున రెండు పేటలుగా కుదిరినదో లేదో వ్రేలితో తడవి చూచినది. తన కారబైనరు కొక్కెపు మరను బిగించి, అది తెఱచుకొనదని నొక్కి చూపినది. అప్పుడు గాని "ఆన్ బిలే" అనలేదు. అతడు "క్లైంబింగ్" అన్నాడు. ఆమె "క్లైంబ్ ఆన్" అన్నది. ఈ మూడు మాటలు ముగిసిన తరువాతనే అతని పాదము నేల విడిచినది. పై నలువది నిమిషములలో అతడు రెండుసార్లు జారినాడు; జారిన ప్రతిసారియు జానెడు దిగి ఆగినాడు. ఆమె చూపు త్రాటినుండి తొలగలేదు. ఫోను మ్రోగినను చేయి కదలలేదు.

ఆరు నెలల ఫ్రెషరు మేనేజరును అందఱి ఎదుట ఆగుమనుట కార్యాలయములో ఎన్నిమారులు జరుగును? అచ్చట తప్పు కనిపెట్టిన చిన్నవారు మొదట తమకే తెలియలేదేమో యని సందేహింతురు, పిమ్మట మీటింగు ముగిసిన తరువాత చెప్పుదమనుకొందురు, తుదకు చెప్పరు. కొండక్రింద అట్లు కాదు. బకిలు సంగతి చెప్పకుండుట మర్యాద కాదు, ద్రోహము. విన్న పెద్దవాడు చిన్నబుచ్చుకొనక కృతజ్ఞుడగుట అచ్చట సహజము. సాహసయాత్రలనుండి ఆఫీసుకు మోసికొని పోదగిన సరుకు నా లెక్కలో ఇది. శిఖరముమీది ఫొటో కాదు.

ఇది మనకు పరాయి విద్యయని ఎవరును అనుకొననక్కఱలేదు. నల్లమలలో చెంచులు కొండచరియలకు వ్రేలాడు తేనెపట్టులకొఱకు త్రాడు కట్టుకొని దిగుదురు. ఆ త్రాటిని పైన పట్టుకొనువాడు బావమఱదియే కావలెనని వారిలో కట్టుబాటు కలదని చెప్పుకొందురు. తన తోబుట్టువు పసుపుకుంకుమలను కాచుకొనవలసినవాడు కనుక అతని పట్టు సడలదట. ప్రాణమును ఎవరి చేతిలో పెట్టవలెను, ఏ కారణముచేత వారు దానిని విడువరు అని ఆలోచించి, బంధుత్వమునే త్రాటికి ముడివేసిన ఆ అడవిబిడ్డల తెలివి ముందు మన ట్రస్టు ఫాల్ ఆటలు చాల పలుచన. వెనుకకు వాలుము, పదిమంది పట్టుకొందురు అను ఆ ఆటలో పడువాని నమ్మకమును పరీక్షింతురే గాని, పట్టువాని నేర్పును ఎవరును పరీక్షింపరు.

నగరపు చుట్టు వెలసిన రిసార్టులలో జరుగు వినోదములలో చాలభాగము ఇట్టివే. జిప్‌లైనుమీద జారునప్పుడు పట్టీలు బిగించువాడు రిసార్టు మనిషి, త్రోయువాడు రిసార్టు మనిషి, ఆవలి గట్టున పట్టువాడు రిసార్టు మనిషి. వచ్చినవాడు చేయునది అఱచుట మాత్రమే. అలసిన మనస్సుకు అది మంచి వినోదమే, నేను కాదనను. నిర్ణయము తనది కానిచోట మాత్రము పాఠము తనకు రాదు. ముడి తానే వేసి, తోడివాని ముడి తానే చూచి, ఎక్కవలెనా మానవలెనా యని తానే తేల్చుకొని, తేల్చుకొన్నదాని ఫలమును అక్కడనే అనుభవించినప్పుడు గాని, ఔటింగు శిక్షణ కాదు.

వెనుకకు మరలుట ఈ విద్యలోని కడు కష్టమైన పాఠము. 1996 మే 10న ఎవరెస్టుమీద రెండు వ్యాపార జట్లు మధ్యాహ్నము రెండు గంటలకు ఎక్కడనున్నను మరలవలెనని మాటాడుకొనియు మరలలేదు. కొందఱు ఆ వేళ దాటిన చాలసేపటికి శిఖరము చేరినారు. దిగునప్పుడు తుఫాను కమ్మినది. ఆ రాత్రి, మఱునాడు కలిపి ఆ పర్వతముమీద 8 మంది మరణించినారు. వారి నాయకులు తెలియనివారు కారు, ఆ రోజులలో అత్యంత ప్రసిద్ధులు. ఒక జట్టులో మూడవ మార్గదర్శిగా నున్నవాడు, తన స్థానము చిన్నదని తలచి, చెప్పవలసిన చోట్ల అన్నిమారులు పెదవి విప్పలేకపోతినని తరువాత చెప్పుకొన్నాడు. ఎంతో ఖర్చుపెట్టి, నెలలు శ్రమపడి, శిఖరము కంటి ముందర కనబడుచుండగా గడియారమును చూచి మరలుటకు ఎంత బలము కావలెనో, ఆ గడియారమును చూడుమని నాయకునికి చెప్పుటకు అంతకు రెట్టింపు బలము కావలెను.

సైబరాబాదువారికి దీనికి సరిపోవు మాట వారి పలుకుబడిలోనే కలదు: రోల్‌బ్యాక్. శుక్రవారము రాత్రి ప్రొడక్షనులో పెట్టిన మార్పు తప్పుదారి పట్టినచో, ఏ గంటకు ప్రయత్నము మాని పాతస్థితికి తేవలెనో ముందే వ్రాసికొనియుండవలెను. అప్పటికప్పుడు ఆలోచింతమనుకొన్న జట్టు "ఇంకొక్క పది నిమిషాలు" అనుచు తెల్లవార్చును. 2024 జూలై 19, శుక్రవారమే, క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థ పంపిన ఒక లోపభూయిష్ఠమైన అప్‌డేటు ప్రపంచమంతట సుమారు 85 లక్షల విండోస్ యంత్రములను మూలబెట్టినది. మన దేశపు విమానాశ్రయములలో ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేతితో వ్రాసి ఇచ్చినారు. తప్పు గుర్తించి వారు ఆ అప్‌డేటును గంటన్నరలోపలనే ఉపసంహరించిరి. అప్పటికే అది అందఱికి ఒక్కమారుగా చేరిపోయినది. కొందఱికి పంపి, ఫలితము చూచి, పిమ్మట తక్కినవారికి పంపు పద్ధతి పర్వతారోహకులకు ఎన్నడో తెలిసినదే: జట్టంతయు ఒక్కసారిగా మంచువంతెనమీద కాలు పెట్టదు, ఒకడు దాటును, తక్కినవారు త్రాడు బిగబట్టి నిలుతురు.

ఈ సందర్భమున మల్లి మస్తాన్‌బాబును తలపక పోలేను. నెల్లూరు జిల్లాలో గాంధీజనసంఘమను పల్లెలో పుట్టి, కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, జంషెడ్‌పురము, ఖరగ్‌పురము, కలకత్తా విద్యాసంస్థలు దాటి, నడుమ కొంతకాలము సత్యం కంప్యూటర్స్‌లో సాఫ్ట్‌వేరు ఇంజనీరుగా పనిచేసినవాడు. తన పాఠశాలలో చదివి, 1985 ఎవరెస్టు సైనికయాత్రలో ప్రాణములు విడిచిన లెఫ్టినెంటు ఉదయభాస్కరరావు స్మృతియే ఆయనను కొండలవైపు నడపినది. 2006 జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ శిఖరముతో మొదలుపెట్టి జూలై 10న అలాస్కాలోని డెనాలీతో ముగించి, 172 దినములలో ఏడు ఖండముల శిఖరములను ఎక్కినాడు. తరువాత విద్యార్థులకు, ఉద్యోగులకు నాయకత్వమును గుఱించి ఉపన్యసించుచు తిరిగినాడు. 2015 మార్చి 24న, అర్జెంటీనా చిలీ సరిహద్దున ఆండీస్ పర్వతములలో, ఒంటరిగా శిఖరమునకు బయలుదేరి మరలి రాలేదు. ఏప్రిల్ 3న ఆయన దేహము దొరికినది. ఆయన కంటె కొండలను ఎక్కువగా ఎఱిగిన తెలుగువాడు ఆనాడు లేడు. అట్టివానికైనను ఆకాశము మాట ఇచ్చి ఉండదు. ఆ దినమున త్రాటికి ఆవలి కొసను పట్టుకొని "ఇంక చాలు, దిగుదము" అనుటకు తోడెవరును లేరు. ఆయన ఫొటోలలోని ఆ నవ్వుముఖమును చూచినప్పుడెల్ల నా మనస్సు ఆ ఒంటరి మంచువాలు దగ్గర ఆగిపోవును.

కాబట్టి తమ జట్టును ఎక్కడికైన పంపదలచిన సంస్థ ఎంత ఎత్తు, ఎంత ఖర్చు అని అడుగుటకు ముందు కొన్ని మొగమాటము లేని ప్రశ్నలు అడుగవలెను. శిక్షకుడు ఉత్తరకాశిలోనో డార్జిలింగులోనో శిక్షకుల కోర్సు చదివినవాడా, లేక కొండ నెక్కిన అనుభవము మాత్రమే గలవాడా? త్రాళ్లు ఎన్నాళ్లు వాడినవి, ఎప్పుడు పాఱవేయుదురు? హెల్మెట్టు అందఱికి కలదా? తేనెటీగలు లేచినచో ఏ వైపు పరుగెత్తవలెను? దగ్గఱి ఆసుపత్రి ఎంత దూరము, బండి సిద్ధముగా నున్నదా? ఎక్కనని చెప్పినవారిని ఎవరును ఎగతాళి చేయరని హామీ కలదా? ఈ తుది ప్రశ్నను నేను ఊరక చేర్చలేదు; తోడివారి కేరింతలకు సిగ్గుపడి ఎక్కినవాడు ధైర్యము నేర్చుకొనలేదు, కాదనలేకపోవుట నేర్చుకొన్నాడు. అన్నిటికంటె మించి, ఏ పరిస్థితిలో యాత్రను ఆపివేయుదురు, ఆపివేసినచో నిర్వాహకునికి నష్టమా? నష్టమగునట్టు ఒప్పందము వ్రాసికొన్నవారు ప్రమాదమును ముందే కొనుక్కొన్నవారు.

నేను చెప్పిన ఆ ఆదివారము కథకు కొంచెము శేషము కలదు. పదిన్నర వేళకు తూర్పున మబ్బు లేచినది. అప్పటికి ఇంకను అయిదుగురు ఎక్కవలసియున్నారు. వారిలో ఇద్దఱు వారము రోజులనుండి ఈ దినముకొఱకు ఎదురుచూచినవారట. శిక్షకుడు దూరపు మెఱుపును ఒకదానిని చూచి, ఉరుము వినబడువఱకు పెదవులతో లెక్కపెట్టి, "ఇవాళ్టికి అయిపోయింది, దిగండి," అన్నాడు. నెత్తిన ఆచ్ఛాదనలేని ఏకశిల అది. ఎవరో గొణిగినారు, ఎవరో డబ్బు కట్టితిమి గదా యన్నారు. మేనేజరు ఆ మాటలకు సమాధానము చెప్పక, తన హెల్మెట్టు విప్పి, నేలమీది త్రాటిని చుట్టుట మొదలుపెట్టినాడు. ఆ అమ్మాయి ఆవలి కొసను అందుకొని చిక్కులు విప్పుచు నడచినది.

అందఱు బస్సెక్కిన తరువాత వాన పడినది, పెద్ద చినుకులు. డ్రైవరు ఇంజను వేసినాడు. శిక్షకుడు అతని భుజముపై చేయి వేసి ఆపి, సంచిలోని కారబైనర్లను లెక్కించినాడు. పిమ్మట నడుమ దారివెంట వెనుక సీటువఱకు నడచి, ఒక్కొక్కరి తలపైకి వ్రేలు చూపుచు మనుషులను లెక్కించినాడు. ఇరువది. ఎందుకో తృప్తి కలుగక మరల ముందుకు వచ్చుచు రెండవమారు లెక్కించినాడు. అప్పుడు బస్సు కదలినది.